జర్నళ్లు వచ్చింది అందరికీ కాదు

‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’తో ఇంజనీరింగ్ విద్యార్థికి పరిశోధన పత్రాల కొరత తీరిపోయిందని గత సంచికలో వ్యాసకర్త రాశారు. పథకం మంచిదే. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు ఆమోదించింది. ఐఈఈఈ, ఎల్సెవియర్ సహా 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు దాని పరిధిలోకి వచ్చాయి. కానీ అవి అందేది ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకే! మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ విద్యార్థుల్లో అత్యధికులు చదివేది ప్రైవేటు కళాశాలల్లో. వాళ్ల గురించి వ్యాసంలో ఒక్క వాక్యమూ లేకపోవడం బాధ కలిగించింది.

ఉచితంగా దొరికేవి లేవా అంటే, ఉన్నాయి. శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఎవరైనా చదవొచ్చు. సివిల్ విద్యార్థికి నిత్యం కావలసిన ఐఎస్ 456 కాంక్రీటు కోడ్‌ను భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని దించుకోవచ్చు. అయినా ఫైనలియర్ ప్రాజెక్టును డబ్బిచ్చి కొనుక్కునే పిల్లలు ఉన్నారు. వాళ్లను తిట్టి లాభం లేదు. ఏది ఎక్కడ వెతకాలో, ఏ మాటలతో వెతకాలో, ఒక పత్రం చివరనున్న రెఫరెన్సులు పట్టుకుని దాని మూలాల దాకా ఎలా వెళ్లాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఇది లైబ్రేరియన్ చేయాల్సిన పని. చాలా కళాశాలల్లో ఆయన్ని పుస్తకాలిచ్చి పుచ్చుకునే కౌంటరుకే కట్టేశారు.

పథకాన్ని ప్రైవేటు కళాశాలలకూ విస్తరించాలని కేంద్రాన్ని, సమాచార శోధనను క్రెడిట్లున్న పాఠ్యాంశంగా పెట్టాలని జేఎన్‌టీయూలను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత గ్రంథపాలకుడు, కాకినాడ