ఈ గోడ ఎవరితో మాట్లాడుతోంది?

ఈమధ్య ఏ ఊరు వెళ్ళినా రెండు వస్తువులు తప్పనిసరిగా కనిపిస్తున్నాయి. ఒకటి, ‘ఐ లవ్’ అని మొదలుపెట్టి ఊరి పేరు రాసిన నిలువెత్తు అక్షరాలు. రెండోది, మనం మధ్యలో నిలబడి ఫోటో దిగడానికి గోడ మీద వేసిన రెక్కలు. పబ్లిక్ ఆర్ట్ అనీ, టూరిజం అనీ, ఊరికి గుర్తింపు అనీ వీటికి పేర్లు. నాకైతే ఇవి ఉన్న గుర్తింపుని చెరిపే పనిలాగే కనిపిస్తాయి.

నేను సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. ఒక ప్రోగ్రామ్ ఏ మెషీన్ మీదైనా మార్పు లేకుండా నడిస్తే మా పనిలో అది గొప్ప. ఒక చోటు గురించి చేసే కళకి అదే గుణం పెద్ద లోపం. కాబట్టి నా పరీక్ష చాలా సింపుల్: ఈ బొమ్మని ఎత్తుకెళ్ళి ఇంకో ఊళ్ళో పెడితే దానికేమన్నా పోతుందా? రెక్కలకి ఏమీ పోదు. ఫ్లైఓవర్ స్తంభాల మీద వేస్తున్న వార్లీ బొమ్మలు చూడండి. మహారాష్ట్రలో పాల్ఘర్ వైపు ఆదివాసీలు పెళ్ళిళ్ళప్పుడు ఇంటి మట్టిగోడ మీద వేసుకునే బొమ్మలవి. ఇక్కడికొచ్చేసరికి సిమెంట్‌ని కప్పే డిజైన్ అయిపోయాయి.

హైదరాబాద్‌లో ఖైరతాబాద్ దగ్గరి మక్తాని మాత్రం ఇంత తేలిగ్గా కొట్టిపారేయలేం. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఆ బస్తీ గోడల మీద ఆర్టిస్టులతో పెద్ద బొమ్మలు వేయించింది. వాటిలో మంచివున్నాయి. నగరం ముఖం తిప్పుకుని పోయే బస్తీలోకి జనం పనిగట్టుకుని వెళ్ళారు. అది చిన్న విషయం కాదు. “పేదవాళ్ళ గోడకి అందం వద్దా?” అంటే, కావాలనే నేనూ అంటాను. నా గొడవ అందంతో కాదు. మనం షేర్ చేసుకునే ఫోటోల కింద చిత్రకారుడి పేరుంటుంది. ఆ గోడ వెనక ఉన్నవాళ్ళు ఎప్పుడొచ్చారు, ఏం పని చేసుకుంటారు అనేది ఒక్క ముక్క ఉండదు. ఇంట్లోంచి ఎవరైనా బిందె పట్టుకుని బయటికొస్తే, ఫ్రేములోంచి తప్పుకోమని సైగ చేసేవాళ్ళని చూశాను. వాళ్ళ ఇంటి ముందు వాళ్ళే అడ్డమా?

ఇలాగే జరగాలని రూలేం లేదు. జపాన్‌లో నీగాటా కొండల్లోని ఎచిగో-త్సుమారిలో, కుర్రాళ్ళు నగరాలకి పోగా ముసలివాళ్ళు మిగిలిన ఊళ్ళున్నాయి. 2000లో అక్కడ ఒక ఆర్ట్ ఫెస్టివల్ మొదలైంది. ఇల్యా, ఎమీలియా కబకోవ్ దంపతులు కొండవాలు వరిమళ్ళలో దున్నే, విత్తే, నాటే, కోసే మనుషుల ఆకారాలు నిలబెట్టారు. ఎదురుగా ఉన్న వేదిక మీంచి చూస్తే, ఆ పనుల గురించిన వాక్యాలు మళ్ళ మీద తేలుతున్నట్టు కనిపిస్తాయి. ఆ సాగుని పక్కకి తప్పుకోమంటే చూడ్డానికి అక్కడ ఏమీ మిగలదు.

ఇప్పుడు మన పోచంపల్లి సంగతి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. రేపు అక్కడ ఆర్ట్ ప్రాజెక్ట్ పెడితే గోడ నిండా ఇక్కత్ డిజైన్ వేస్తారని నా భయం. అది ఏ చీరల షాపు బోర్డు మీదైనా దొరుకుతుంది. 1951 ఏప్రిల్ 18న అక్కడి దళితులు వినోబా భావేని 80 ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఆ కుటుంబాల పిల్లలు ఇవాళ ఏ భూమి మీద ఉన్నారు? గుంటమగ్గం మీద నేసే మనిషికి చీరకి ఎంత గిడుతుంది? ఈ ప్రశ్నలు వేరే ఊరికి ఎత్తుకెళ్ళలేం.

బ్రష్ పట్టేముందు ఆర్టిస్టు ఆ ఇళ్ళల్లో కొన్ని నెలలు కూర్చుని వినాలి. బడ్జెట్‌లో రంగుల కంటే ముందు ఆ ఖర్చు రాయండి. ఏం వేయాలో, వద్దో తేల్చే హక్కు గోడ సొంతదారుకి ఇవ్వండి. అప్పుడు ఫోటోకి ఎవరూ రాకపోయినా నాకు ఫర్వాలేదు.