మందిరంలో ఏ వైపు కూర్చోవాలి?

చల్లపల్లి నుంచి అటు అవనిగడ్డ దాకా, ఇటు బందరు దాకా పల్లె మందిరాల్లో ఎక్కువ చోట్ల పురుషులు ఒక వైపు, స్త్రీలు ఒక వైపు కూర్చుంటారు. బోర్డు మీద రాసిన నియమమేమీ లేదు. చాపలు పరిచేటప్పుడే తెలిసిపోయే అలవాటు. ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఆదివారం ఆరాధనకు వస్తే వేదాంత ప్రశ్నకంటే ముందు ఈ చాప ప్రశ్న ఎదురవుతుంది. దీనికి మన సంఘాల్లో చాలావాటి దగ్గర జవాబు లేదు. వారు గుమ్మం దాకా రాకపోవడం వల్ల వెతుక్కునే అవసరం పడలేదు. ఎందుకు రారో మనకు తెలుసు. గుడివాడ జంక్షన్‌లో రైలు పెట్టెలోకి వారు ఎక్కగానే మన ముఖాలు ఎటు తిరుగుతాయో కూడా తెలుసు.

కోర్టులు మాత్రం ఈ ప్రశ్నను తప్పించుకోలేకపోయాయి. 2025 జూన్ 16న ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఒక తీర్పు ఇచ్చారు. భర్త, అత్తమామల మీద ఒక ట్రాన్స్ మహిళ పెట్టిన 498ఏ కేసు అది. ఆమె పిల్లల్ని కనలేదు కాబట్టి చట్టం దృష్టిలో స్త్రీ కాదని ఎదుటి పక్షం వాదించింది. కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ట్రాన్స్ మహిళ కూడా ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చని చెప్పింది. తగిన ఆధారాలు లేవని ఆ కేసును మాత్రం కొట్టివేసింది. పిల్లలు లేకపోతే స్త్రీ కాదన్న మాట విన్నప్పుడు శారా, హన్నా, ఎలీసబెతుల కథలు చదివే మనకు ఏదో తగలాలి. గొడ్రాలన్న మాట పడ్డ అక్కచెల్లెళ్లు మన స్త్రీల సమాజాల్లోనూ ఉన్నారు.

దానికి సరిగ్గా రెండు నెలల ముందు, ఏప్రిల్ 16న, బ్రిటన్ సుప్రీంకోర్టు వేరే దారిన వెళ్లింది. అక్కడి సమానత్వ చట్టంలో స్త్రీ అంటే పుట్టుకతో స్త్రీ అయిన వ్యక్తేనని తేల్చింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల మీద వివక్ష చూపడం అదే చట్టం కింద చట్టవిరుద్ధమేనని కూడా ఆ తీర్పులోనే గుర్తుచేసింది. నిర్వచనం దగ్గర రెండు కోర్టులు విడిపోయాయి. అవమానించే హక్కు మాత్రం ఏ కోర్టూ ఎవరికీ ఇవ్వలేదు.

ఈ తేడాను పట్టుకోలేకపోవడం వల్లే మన మధ్య గొడవ. ఫోన్లలో నలిగే ‘ట్రాన్స్‌ఫోబియా’ అన్న మాట మన యువకుల నోటికి వచ్చింది. ఆదికాండము మొదటి అధ్యాయం చూపించి దేవుడు స్త్రీనిగా పురుషునిగా సృజించాడని చెప్పిన కాపరిని కూడా వారు ఆ మాటతోనే కొడుతున్నారు. మాట పడ్డ కాపరి ఇక ఆ సంగతే ఎత్తడు, లేదా మరింత గట్టిగా గద్దిస్తాడు. మా అభిప్రాయం సూటిగా చెబుతాం. లింగ మార్పిడిని వాక్యం ఒప్పుకోదని నమ్మడం, దాన్ని మర్యాదగా బోధించడం ద్వేషం కాదు. ఉజ్జీవ సభల్లో స్త్రీల బస ఎలా, స్నానాల గదులు ఎలా అని ఒక సహోదరి అడిగితే అదీ ద్వేషం కాదు. ఆమె భయానికి జవాబు చెప్పాలి, ఆమెకు పేరు పెట్టకూడదు.

కానీ ఇంకో జాబితా ఉంది. కొడుకు నడక మారిందని ఇంట్లోంచి గెంటేయడం. దయ్యం పట్టిందని ఉపవాస ప్రార్థనలకు ఈడ్చుకెళ్లి కొట్టడం. ప్రసంగంలో ఆ నడకను అనుకరించి సంఘాన్ని నవ్వించడం. బాప్తిస్మం అడిగితే ‘ముందు మామూలుగా మారి రా’ అనడం. ఇవి అభిప్రాయ భేదాలు కావు. ఇంటి నుంచి, ఊరి నుంచి బలవంతంగా వెళ్లగొట్టడం, మాటతో చేతితో హింసించడం 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం 18వ సెక్షన్‌లో నేరాలు. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా శిక్ష, జరిమానా. ‘మార్చే చికిత్స’ చేసే వైద్యుల మీద చర్య తీసుకోవాలని 2021లో మద్రాసు హైకోర్టు చెప్పింది. మరుసటి ఏడు జాతీయ వైద్య కమిషన్ దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. డాక్టరుకు కూడనిది దైవసేవకుడికి ఎలా తగుతుంది?

మాకు బాధ కలిగించేది ఏమంటే, రెండో జాబితాలో ఉన్నవారు తరచుగా మొదటి జాబితా వెనక దాక్కుంటారు. ‘మాది సిద్ధాంత భేదమే’ అంటారు. సిద్ధాంతం మీద పట్టు సడలకుండానే తలుపు తెరిచి ఉంచవచ్చని రోమన్ కతోలిక సంఘం చూపించింది. 2023 అక్టోబరు 31 నాటి పత్రంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు మిగతా విశ్వాసుల లాగే బాప్తిస్మం పొందవచ్చని, సంఘంలో అపవాదుకు, గందరగోళానికి తావు లేకపోతే చాలని వాటికన్ చెప్పింది. 2024 ఏప్రిల్‌లో అదే వాటికన్ లింగ మార్పిడి మానవ గౌరవానికి ముప్పు అని మరో పత్రంలో రాసింది. ఈ రెండూ పొసగవని అటువారూ ఇటువారూ విమర్శించారు. మన ప్రొటెస్టెంటు సంఘాల్లో చాలావాటికి విమర్శించడానికైనా ఒక పత్రం లేదు.

వాక్యం దగ్గరికి వద్దాం. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం నపుంసకుని సమాజంలో చేరనివ్వదు. యెషయా 56లో దేవుడే అతనికి తన ప్రాకారాల లోపల చోటు, కుమారులకన్నా కుమార్తెలకన్నా మంచి పేరు వాగ్దానం చేస్తాడు. అపొస్తలుల కార్యములు 8లో గాజాకు పోయే దారిలో రథం ఆగుతుంది, అతను నీళ్లలోకి దిగుతాడు. ఆనాటి నపుంసకుడూ ఈనాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తీ ఒకటేనని మేము అనడం లేదు. సమాజం వారిని నిలబెట్టిన చోటు మాత్రం ఒకటే, గుమ్మం బయట. ఒక సంగతి గమనించారా? సండే స్కూల్లో మనం ఆయన్ని ‘ఐతియొపీయ మంత్రి’ అనే నేర్పుతాం. ఆ రెండో మాట పిల్లల ముందు పలకడానికి సిగ్గు. లూకా దాచని దాన్ని మనం దాచాం. యిర్మీయాను బురద గోతిలోంచి పైకి లాగిన ఎబెద్మెలెకు కూడా నపుంసకుడే. తాళ్లు కోసుకుపోకుండా చంకల కింద పాత గుడ్డలు పెట్టుకోమని చెప్పినవాడు.

పేరు సంగతి మరీ దగ్గరిది. ‘రవి’ అని పెంచినవాడు ‘రాణి’ అని పిలవమంటే అబద్ధమాడినట్టు కాదా అని అడిగే పెద్దలున్నారు. నిజాయితీ గల ప్రశ్నే. అయితే కృష్ణా డెల్టాలో సంఘం ఎక్కువగా మాల, మాదిగ పల్లెల్లో పుట్టింది. బడి రిజిస్టరులో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు ఉన్న ఇళ్లు మనవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యమా అని కాగితం మీద ఒకరుగా, మందిరంలో ఒకరుగా బతకడం మనకు కొత్త కాదు. ఏ పేరుతో పిలిస్తే మనిషికి ప్రాణం లేచి వస్తుందో మన తాతలకు తెలుసు. ఊళ్లోకి రానివ్వని వారి మనవలం మనం.

చాప విషయంలో మా సూచన చిన్నది. వచ్చిన మనిషిని ఎక్కడ కూర్చుంటారని అడగండి. స్త్రీల వైపు అంటే ముందుగా స్త్రీల సమాజంతో మాట్లాడండి. వారిని అడగకుండా కమిటీలోని మగవాళ్లు తేల్చడం సరికాదు. కుటుంబాలు కలిసి కూర్చునే వరుస ఒకటి వేస్తే, ముసలి తల్లిని పట్టుకుని కూర్చోవాల్సిన కొడుకులకు కూడా మేలే.

దానికన్నా పెద్ద విషయం సభ్యత్వ రిజిస్టరు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది స్త్రీ, పురుష గడులు కాకుండా ‘ఇతరులు’ అన్న గడిలో నమోదయ్యారు. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పుతో ప్రభుత్వ కాగితాల్లో వారికి చోటు వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఇప్పుడు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. మన రిజిస్టరులో మాత్రం గడులు రెండే. సమాధుల తోటలో చోటు సభ్యులకే అని చాలా సంఘాలు తీర్మానం చేసుకున్నాయి కాబట్టి, ఆ పుస్తకంలో పేరు లేకపోతే చనిపోయాక ఇక్కడ ఆరు అడుగులు దొరకవు. శవం వచ్చాక గేటు దగ్గర తేల్చుకునే విషయం కాదిది. ఈ ఏటి సర్వసభ్య సమావేశం అజెండాలోనే దీన్ని చేర్చాలని సంఘ పెద్దలను కోరుతున్నాం.