వరదను దలఁచునపుడు

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలును ముంచివేసెను. హంద్రి చెంతనున్న మన కల్లూరులో నేఁటికిని రాత్రివేళ వాన హెచ్చినచో గుండె దడదడలాడు గృహిణులు గలరు. “దానిని దలఁపకుము” అని పెద్దలు వారింతురు. తలఁచినంతనే దిగులు హెచ్చుట నిజమే. అమెరికాలో పెన్నెబేకరను మనశ్శాస్త్రజ్ఞుఁడు 1986లో ప్రకటించిన పరిశోధనమునందు, కొందఱు విద్యార్థులు తమకు జరిగిన కష్టమును, దానివలని బాధను నాలుగు దినములు, దినమునకు 15 నిమిషములు వ్రాసిరి. వ్రాసిన వెంటనే వారి మనస్సు క్రుంగెను. తరువాతి నెలలలో ఇతరులకంటె వారు వైద్యుని కడకుఁ బోవుట తక్కువగా నుండెను. కావున తునకలుగాఁ దలఁచి బెదరుటకంటె, నీరు గడప దాటిన గడియ మొదలు మరల పొయ్యి వెలిగిన దినము వఱకు వ్రాసి చూడుఁడు. వ్రాయనేరని యత్తగారు చెప్పఁబూనినచో నడ్డుపడక వినుఁడు. దిగులు మితిమీఱి నిద్ర పట్టనిచో వైద్యుని జూడవలయును.