ఉపకారవేతనం కట్టిన ఆనకట్ట

ఆదివారం అబిడ్స్‌లో చాలా దుకాణాలు షట్టర్లు దించుకుంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. మబ్బు పట్టిందంటే అమ్మేవాళ్లు ప్లాస్టిక్ పట్టా చేతికందేలా పెట్టుకుంటారు. మొన్న ఆదివారం ఆ గుట్టల్లో కె.సుబ్రహ్మణ్య రాసిన ‘ఇంజినీరింగ్ హైడ్రాలజీ’ పాత ప్రతి దొరికింది. చిరిగిన అట్టకు టేపు అంటించి ఉంది. లోపల హైడ్రోగ్రాఫ్ పాఠం దగ్గర ఎవరో పెన్సిల్‌తో లెక్కలు వేసుకున్నారు. వాన ఎంత, ఎన్ని గంటలు, పారిన నీరెంత. చివరి లెక్క సగంలో ఆగిపోయింది.

నా పక్కన నిలబడిన కుర్రాడి కళ్లు ఆ పుస్తకం మీదే ఉన్నాయి. సివిల్ చదువుతున్నావా బాబూ అని అడిగాను. “అవునంకుల్. ఎంటెక్ వాటర్ రిసోర్సెస్ చేద్దామనుంది. ఇంట్లో మాత్రం సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు” అన్నాడు. పుస్తకం అతనికి ఇచ్చేశాను. ఇంట్లోవాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నీళ్ల చదువు చదివితే ముద్ద దొరుకుతుందా అని వాళ్లు అడిగితే, దొరుకుతుందని చూపించడానికి మనం ఏం ఏర్పాటు చేశాం గనక!

నూట ముప్పై ఏళ్ల కిందట ఇదే అబిడ్స్‌లో ఒక పిల్లవాడి విషయంలో ఆ ఏర్పాటు జరిగింది. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్లో చదువుకున్న ఆ అబ్బాయి పేరు మీర్ అహ్మద్ అలీ. పుట్టింది 1877 జులై 11న. ఆ బడి తర్వాత మదర్సా-ఎ-ఆలియా, నిజాం కాలేజీ. 1896లో నిజాం సర్కారు ఉపకారవేతనం ఇచ్చి అతణ్ని ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ ఇంజినీరింగ్ కాలేజీకి పంపింది. (అంతకు ముందు ఏడాదే ఇలాంటి సాయంతోనే సరోజినీ నాయుడు కూడా ఇంగ్లండ్ వెళ్లారు. ఆమె ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద ఇప్పటికీ ఉంది.) అహ్మద్ అలీ 1899లో తిరిగొచ్చి పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరారు. తర్వాత సంస్థానానికి చీఫ్ ఇంజినీరు అయ్యారు. మనకు తెలిసిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆయనే.

ఆయన ఉద్యోగంలో చేరిన తొమ్మిదేళ్లకు మూసీ పొంగింది. 1908 సెప్టెంబరు 28. పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. మరుసటి ఏడాది నిజాం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ముందు చేసిన పని లెక్కపెట్టడం. మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నాయని, వాటిలో 221 తెగాయని తేల్చారు. వాన ఎక్కడ ఎంత పడిందో, నది ఎంత మోసిందో రాబట్టారు. జలాశయాల ప్రతిపాదన ఆ అంకెల మీద లేచింది. ఉస్మాన్‌సాగర్ (మన గండిపేట) 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటిని కట్టి నిలబెట్టిన ఇక్కడి ఇంజినీర్లలో అలీ నవాజ్ జంగ్ ముఖ్యులు. గండిపేట నీళ్లు మోటారు అవసరం లేకుండా, నేల వాలు మీదే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు వచ్చేలా కాలువ కట్టారు. నాంపల్లి కుళాయిల్లో మూడు తరాలు తాగిన నీళ్లవి. ఇక మంజీరా మీద ఆయన ఆధ్వర్యంలోనే 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్ సంగతి నిజామాబాద్ రైతుకు నేను చెప్పనక్కర్లేదు. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని తలపెట్టిన ప్రాజెక్టు అది.

ఒక కుర్రాడి చదువుకు సర్కారు పెట్టిన ఖర్చు ఇన్ని ఎకరాలై తిరిగొచ్చింది. మరి ఆయన రుణం మనం ఎలా తీర్చుకుంటున్నాం? తెలంగాణ వచ్చాక జులై 11ను ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పూలదండలు, ఉపన్యాసాలు, శాలువాలు. అవి చేయాల్సిందే, కాదనను. కానీ ఉపకారవేతనంతో పైకొచ్చిన మనిషిని తలుచుకోవడానికి ఉపకారవేతనాన్ని మించిన పద్ధతి ఏముంది?

అలీ నవాజ్ జంగ్ కంటే రెండేళ్ల ముందు అమెరికాలో పుట్టిన రాబర్ట్ హోర్టన్ నీటి శాస్త్రంలో పెద్ద పేరు. నేల ఇంకించుకునే వేగానికి ఒక హద్దుంటుందని, వాన దాన్ని మించితే మిగిలిందంతా పైన పారుతుందని 1930లలో సూత్రీకరించారు. 1945లో పోతూ తన ఆస్తిలో మంచి వాటా అమెరికన్ జియోఫిజికల్ యూనియన్‌కు రాసిపోయారు. ఇవాళ్టికీ ఆయన పేరిట నీళ్ల మీద పరిశోధించే విద్యార్థులకు గ్రాంట్లు అందుతున్నాయి. ఆయన సూత్రాన్ని సరిదిద్దే పని కూడా అలాంటి విద్యార్థులే చేస్తారు.

హోర్టన్ చెప్పింది అర్థం కావాలంటే జడివానలో అబిడ్స్ జీపీఓ ముందు పది నిమిషాలు నిలబడితే చాలు. తారు, సిమెంటు, టైల్సు. ఇంకడానికి జానెడు మట్టి లేదు. పడిందంతా పల్లం వెతుక్కుంటూ పరుగెత్తుతుంది. 2025 సెప్టెంబరు 14 రాత్రి నాంపల్లి పక్కనే హబీబ్‌నగర్‌లోని అఫ్జల్‌సాగర్ నాలాలో ఇద్దరు మనుషులు కొట్టుకుపోయారు. రాత్రి ఏ గంటకు, ఎన్ని మిల్లీమీటర్ల వానకు నాలా కట్ట తాకుతుందో కొలిచి, గోడ మీద గీత గీసి, బస్తీ వాళ్లకు ముందే చెప్పగలిగే చదువు ఉంది. దాన్ని చదివేవాళ్లు కావాలి. పెద్ద పెద్ద కన్సల్టెన్సీలు తయారుచేసే నివేదికల కంటే నాలా పక్క వీధిలో పుట్టిన పిల్లో పిల్లవాడో ఈ పని బాగా చేస్తారని నా నమ్మకం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అంటారు. ఉంది. అది కాలేజీకి కట్టే ఫీజు. గేట్ పాసై ఎంటెక్‌లో చేరితే నెలకు రూ.12,400 వస్తుంది, గేట్ దాటలేనివాళ్లకు అదీ లేదు. నీళ్ల చదువుకు అసలు ఖర్చు తరగతి గది బయట ఉంటుంది. మూసీ పుట్టే అనంతగిరి కొండలకు బస్సెక్కి పోవాలి. బావిలో నీటిమట్టం తెలియాలంటే టేపు చివర సుద్ద రాసి దించాలి. ఎంత మేర సుద్ద తడిసిందో చూసి, దించిన పొడవులోంచి తీసేయాలి. అదే బావి దగ్గరికి వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి, మళ్లీ ఎండాకాలంలో ఒకసారి వెళ్లాలి. సీసాల్లో పట్టిన నీళ్లను ల్యాబులో పరీక్ష చేయించాలి. ఈ చార్జీలు ఏ పథకంలోనూ రావు. తండ్రి ఆటో నడిపే ఇంట్లో ఆ డబ్బు అడగడానికి పిల్లలకు మనసొప్పదు. పెన్సిల్ లెక్కలు సగంలో ఆగేది అక్కడే.

డబ్బెక్కడిది అనే ప్రశ్నకు జవాబు కూడా నాంపల్లిలోనే ఉంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు సంస్థానం ఆర్థిక పరిస్థితిని సర్వే చేయాలనుకున్నారు. డబ్బుల్లేవు. ఆ నిధుల కోసమే పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక ప్రదర్శన పెట్టారు. మన నుమాయిష్ అలా పుట్టింది. కొలిచి తెలుసుకోవాలనే కోరిక దాని మూలంలో ఉంది. ఇప్పుడు దాని మిగులుతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది. ఇప్పుడు నుమాయిష్ జరిగే మైదానంలోనే కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఉంది. నీళ్ల చదువు చదివేవాళ్లలో ఏడాదికి పది మందికి, తలా యాభై వేల ఉపకారవేతనం. అయిదు లక్షలు. ఎగ్జిబిషన్ సొసైటీ, సెయింట్ జార్జ్ పూర్వ విద్యార్థులు, నీటిపారుదల శాఖ రిటైర్డ్ ఇంజినీర్లు ఒక చోట కూర్చుంటే ఒక సాయంత్రంలో తేలే మాట.

మార్కులు, ర్యాంకు చూసి మాత్రం ఇవ్వకండి. ఏ నీటిని కొలుస్తావు, ఎందుకు కొలుస్తావు అని ఒక పేజీ రాయించుకుని ఇవ్వండి. డిప్లొమా అమ్మాయిలకూ ఇవ్వండి. కొలిచిన అంకెల్ని తెలుగులో, ఉర్దూలో రాసి ఆ బస్తీలో అందరికీ కనిపించేలా అతికించాలన్నది ఒక్కటే షరతు పెట్టండి.

వచ్చే జులై 11న అలీ నవాజ్ జంగ్‌కు దండ వేసేవాళ్లు ఈ ఉపకారవేతనం అందుకునే మొదటి పది మంది పేర్లు చదవాలి. ఇందులో చేయి కలపాలనుకునేవాళ్లు, సెయింట్ జార్జ్ బడిలో చదివినవాళ్లు, గండిపేట నీళ్లు తాగి పెరిగి ఎక్కడెక్కడో స్థిరపడినవాళ్లు ఈ పత్రిక చిరునామాకు ఉత్తరం రాయండి. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ సంబంధిత సంస్థలకు నేనే స్వయంగా తీసుకెళ్లి ఇస్తాను.

— ‘అలుగు’