దేశమూ కాలమూ – ఒక గంట లోపము

మా హనుమాన్ జంక్షన్‌కూ, మా అబ్బాయి ఉండే డాలస్‌కూ పదకొండున్నర గంటల అంతరమని ఏనాడో కంఠస్థం చేశాను. ఎక్కం వలె అది మారదనుకున్నాను. ఆ ధీమా గత ఫాల్గుణంలో నన్ను దెబ్బతీసింది.

ఆనాడు మా ఇంటావిడ ఆబ్దికం. అక్కడి మధ్యాహ్నం 12 గంటలకు మొదలుపెడతానన్నాడు అబ్బాయి. ఇక్కడ రాత్రి 11.30 అవుతుందని లెక్కకట్టి ఆ వేళకు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అప్పటికే గంట దాటింది. తల్లి పేరు, గోత్రం చెప్పి వాడు సంకల్పం చేయడం నా చెవిన పడలేదు. “నాన్నగారూ, మొన్న ఆదివారం ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరిపారు కదా” అన్నాడు. 2007 నుంచి అమెరికాలో ఈ మార్పు మార్చి రెండవ ఆదివారం మొదలై నవంబరు మొదటి ఆదివారం ముగుస్తున్నది. అరిజోనాలో అధికభాగం, హవాయి దీనిని పాటించవు.

తరువాత వాడే నాకొక ఉపాయం నేర్పాడు. లినక్స్‌లో నల్లని కిటికీ తెరచి, టీజెడ్ అని వ్రాసి, సమాన చిహ్నం పెట్టి, అమెరికా/చికాగో అని చేర్చి, ఒక ఖాళీ విడిచి డేట్ అనాలి. డాలస్‌కు వేరే పేరు లేదు. చికాగో కాలమే దాని కాలం. మనకు ఆసియా/కోల్‌కతా. ఫలానా తేదీన అక్కడ మధ్యాహ్నమైతే ఇక్కడ ఎంతని కూడా అడగవచ్చు. దీని వెనుక ఉన్నది ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ 1980లలో ఆరంభించిన కాలమండలాల పట్టిక.

ఇందులో నాకు నచ్చినది వేగం కాదు. అది ఒకే అంకెను పట్టుకొని కూడికలు, తీసివేతలు చేయదు; ఏ చోటు, ఏ తేదీ అని చూచి మరీ చెబుతుంది. మన సంకల్పం అడిగేదీ అదే కదా! దేశం చెప్పకుండా కాలం చెప్పము.

అయినా విజయవాడ పంచాంగంలోని పండుగ తేదీని యథాతథంగా అమెరికాకు పంపి, ఆనాడే చేయమని పిల్లలను నిర్బంధించే పెద్దలు మనలో ఎందరో. ఇది శాస్త్రాభిమానం కాదని నా అభిప్రాయం. తిథి ముగిసే క్షణం లోకానికంతటికీ ఒక్కటే. దానిని ఈ పనిముట్టు అక్కడి గంటల్లోకి మార్చగలదు. సూర్యోదయం మాత్రం ఏ ఊరిది ఆ ఊరిదే. పండుగలు పెక్కింటికి ఉదయతిథి, ఆబ్దికానికి అపరాహ్ణతిథి ప్రధానం. కనుక కర్త నిలిచిన చోటే ప్రమాణం. ఆ నిర్ణయం గడియారం చేయలేదు, అక్కడికి గణించిన పంచాంగమే చేయాలి.

అంతదూరం ఎందుకు? 1906 నుంచి మన గడియారం కాకినాడ సమీపంగా పోయే 82½ డిగ్రీల రేఖాంశానిది. మా ఊరు దాదాపు 81వ డిగ్రీ మీద ఉన్నది. అంటే గడియారం పన్నెండు కొట్టిన ఆరు నిమిషాలకు గానీ, సగటున, మా నెత్తిమీదికి సూర్యుడు రాడు. ఇంటి గడియారమే మన ఊరి కాలం కానప్పుడు, దానిని డాలస్ మీద రుద్దడం ఏమి న్యాయం?

రాబోయే ఆబ్దికం తేదీ ఇక్కడొకటి, అక్కడొకటి అయినా వాడు డాలస్ తిథినే పాటిస్తాడు. నేను ముందురోజే ఆ నల్లని కిటికీని అడిగి, గంట ముందుగానే కూర్చుంటాను. ఇందులో దోషమున్నదనుకునే పెద్దలు సప్రమాణంగా చెబితే శిరసావహిస్తాను.