పంటకావలియు తుపాకియు

మొక్కజొన్న కంకి పాలుపోసుకొను దినములలో మన మందమర్రి చుట్టుపట్ల పల్లెలలో రైతు ఇంటిపట్టున నిద్రించుట లేదు. మంచెపై కూర్చుండి డబ్బా వాయించుచు తెల్లవార్చుచున్నాడు. అడవిపందుల గుంపు ఒక్కరాత్రి దిగిన చాలును, చేను మట్టిపాలగును. తిన్నదానికంటె త్రొక్కినదే యెక్కువ. ఈ దుఃఖము మేమెరుగనిది కాదు. కావుననే తుపాకి లైసెన్సులు విరివిగా ఇప్పింపవలెననియు, తూటాలు ఇంటనే నింపుకొన అనుమతి కోరవలెననియు సభ్యులు కొందరు మాతో చెప్పినప్పుడు వారిని మేము తప్పుపట్టలేదు. ఐనను ఆ కోరికతో ఏకీభవింపజాలము.

1959 నాటి ఆయుధముల చట్టమున, పంటరక్షణకై మూతినుండి మందు దట్టించు తుపాకికి లైసెన్సు పొందు వీలున్నది. కాని తుపాకి యుండుట వేరు, జంతువును కాల్చు హక్కు వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 11వ సెక్షను ప్రకారము అధికారి వ్రాతపూర్వకముగ అనుమతింపనిదే పందిపై గురిపెట్టరాదు.

తూటా నింపుట యెంతపని యందురు. కాల్చిన యిత్తడి గొట్టమును కొలతకు ఒత్తి, అడుగున క్రొత్త టోపీ బిగించి, మందు పోసి, పైన గుండు కూర్చుటయే గదా! అమెరికాలో పెద్దమృగముల వేటగాండ్రు అనేకులు ఇండ్లలోనే యీ పని చేయుదురు, నిజమే. కాని వారు మందును గ్రెయినులలో తూచుదురు. గ్రెయిననగా గ్రాములో సుమారు 15వ వంతు. (మన గోదాము తక్కెడ ఎరువు బస్తానే సరిగా చూపదని సభ్యుల ఫిర్యాదు!) మందు జాతి మారినను, కొలత హెచ్చినను, తుపాకి కాల్చువాని ముఖముననే పగులును. పైగా మనదేశమున లైసెన్సు లేక తూటా తయారుచేయుట నేరము.

రైఫిలు సంగతి మరియొకటి. ఇషాపూరులో తయారగు .315 రైఫిలు గుండు గురితప్పిన యెడల మైలు దాటి పోగలదు. మన నేల చదును. చేను వెనుక చేను, దాని వెనుక కాలనీ, నడుమ రాత్రి షిఫ్టునకు పోవు గనికార్మికుడు. గాయపడిన పంది పత్తిచేనిలో దాగిన యెడల మరునాడు పత్తి ఏరబోవు స్త్రీల గతియేమి?

తుపాకికంటె ఘోరమైనది కరెంటు తీగ. దాని మాట బహిరంగముగ ఎవరును ఎత్తరు, కాని అది మన చేలలో ఉన్నది. 2019 జనవరిలో మన మందమర్రిలోనే పులిచర్మమొకటి పట్టుబడినది. జైపూరు మండలము శివ్వారము ప్రాంతమున జంతువులకై పన్నిన కరెంటు తీగకు ఆ పులి బలియైనదని వార్తలు వెలువడినవి. పందులను తినుచు మన చేలకు జీతము లేని కావలిగా నుండునది పులి. దానిని చంపుకొని పందులు పెరిగినవని మొరపెట్టుకొనుట యెట్లు? ఆ తీగ చీకటిలో పులినని, పందినని, నీటి మోటారు వేయబోవు కుమారుడని చూడదు.

మరి రైతు చేతులు కట్టుకొని కూర్చుండవలెనా? కూడదు. కేరళ ప్రభుత్వము 2022లో, పంటను పాడుచేయు పందులను కాల్చుటకు ఉత్తరువిచ్చు అధికారమును పంచాయతీల అధ్యక్షులకు అప్పగించినది. విషము, ప్రేలుడు పదార్థములు, విద్యుత్తు మాత్రము వాడరాదని నిషేధించినది. ఈ పద్ధతి మాకు నచ్చినది. చట్టప్రకారము అనుమతి పొంది, లైసెన్సు గల నేర్పరిని పిలిపించి, మంచెపైనుండి క్రిందికి కాల్చినచో తప్పిన గుండు నేలలోనే దిగును. అట్టివాడు కర్మాగారపు తూటానే వాడవలెను.

ఐనను పంది ఈతకు నాలుగైదు పిల్లలను పెట్టును. పదింటిని కాల్చిన మాత్రమున బెడద తీరదు. సౌరశక్తి కంచె క్షణమాత్రపు దెబ్బతో బెదరించును, చంపదు. ఒంటరి రైతునకు ఖర్చు భారమే. పొలములు కలిసియున్నవారు జట్టుగా వేసికొనినచో తలకు తగ్గును. సంఘము ఇందుకు అప్పు ఇయ్యవలెనని వచ్చు సమావేశమున మేము ప్రతిపాదింపనున్నాము. నష్టపోయిన సభ్యులు పహాణీ నకలును, చేని ఛాయాచిత్రములను ఆలోపుగ కార్యాలయమున అందజేయ కోరుచున్నాము. తీగ పన్నినవారు మాత్రము సమావేశము వరకు ఆగక నేటి రాత్రియే తీసివేయవలెను.