బండి కొన్ననాడే అడగవలసిన ప్రశ్న



విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం నుండి ఒక సోదరుడు ఉత్తరం వ్రాశారు. ఆయన పాత టాటా ఇండికా డీజిల్ కారు కొని, విజయనగరం నుండి రామతీర్థం వచ్చే యాత్రికులకు బాడుగకు నడుపుతున్నారు. బండి చేతికి వచ్చి 2 సంవత్సరాలు. మీటరు 70,000 కిలోమీటర్లు దాటింది. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో అమ్మినవారు చెప్పలేదు, ఈయన అడగలేదు. ఇంజన్‌లో ఏ శబ్దమూ లేదు, బండి చక్కగా నడుస్తోంది, అయినా మార్చాలా అన్నది మొదటి ప్రశ్న. చెప్పకుండా అమ్మినవారి బాధ్యత ఏమిటన్నది రెండవది.

మొదటిదానికి జవాబు సూటిగానే చెప్పవచ్చు. మార్చాలి, ఈ నెలలోనే మార్చాలి. ఎందుకో వివరిస్తాను.

ఇంజన్ క్రింది భాగంలో పిస్టన్లు త్రిప్పే క్రాంక్ షాఫ్ట్ ఉంటుంది. పైభాగంలో వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్ ఉంటుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి పట్టి ఉంచేదే పళ్ళు గల ఆ రబ్బరు బెల్ట్. (క్యామ్ అన్నది క్రొత్త వస్తువు కాదు. అల్-జజరీ 1206లో పూర్తిచేసిన యంత్ర గ్రంథంలోనే దాని వాడకం కనిపిస్తుంది. పెద్ద సంఖ్యలో తయారయ్యే కార్లలో దానిని రబ్బరు బెల్ట్‌తో త్రిప్పడం మాత్రం నిన్నమొన్నటి సంగతి. 1962లో జర్మనీలోని గ్లాస్ సంస్థ తన 1004 కారుతో మొదలుపెట్టింది.)

బెల్ట్ తెగితే క్యామ్ ఉన్నచోట ఆగిపోతుంది, క్రాంక్ మాత్రం వేగం మీద తిరుగుతూనే ఉంటుంది. తెరిచి ఉన్న వాల్వులను పైకి వచ్చిన పిస్టన్లు కొడతాయి. డీజిల్ ఇంజన్లలో పిస్టన్‌కూ వాల్వులకూ మధ్య ఖాళీ బహు స్వల్పం కనుక అక్కడ వాల్వులు వంగకుండా మిగలడం అరుదు. హెడ్ విప్పవలసిందే. పిస్టన్లు కూడా దెబ్బతింటే ఇంజన్ మొత్తం విప్పాలి. బెల్ట్ మార్పిడికి అయ్యేది కొన్ని వేల రూపాయలు, ఈ మరమ్మతుకు అయ్యేది దానికి ఎన్నో రెట్లు. అంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. హైవే మీద వెనుక లారీ వస్తుండగా ఇంజన్ ఆగిపోతుంది, పవర్ స్టీరింగ్ ఉన్న బండి అయితే అది బిగుసుకుపోతుంది, బ్రేకు బలమంతా పెట్టి తొక్కవలసి వస్తుంది. వెనుక సీటులో ఎవరి పిల్లలో ఉంటారు.

శబ్దం లేదు కదా అన్న మాట దగ్గరే చాలామంది మోసపోతున్నారు. ఉదయం బండి తీయగానే కీచుమని అరిచేది బయట కనిపించే ఫ్యాన్ బెల్ట్. టైమింగ్ బెల్ట్ మూత లోపల ఉంటుంది, సాధారణంగా అరవదు. చైన్ ఉన్న ఇంజన్లలో చైన్ సాగితే చాలావరకు గలగలమని ముందే తెలుస్తుంది. బెల్ట్‌కు ఆ గుణం లేదు. మూత తీసి చూసి "బాగానే ఉంది" అనే మెకానిక్ అబద్ధం చెబుతున్నాడని నేననను. అయితే అతడు చూసేది పైపొరను మాత్రమే. లోపలి త్రాళ్ళు అలసిపోయిన సంగతి కంటికి కనబడదు. పగుళ్ళు, చమురు మరకలు, ఊడిన పళ్ళు కనిపిస్తే బెల్ట్ చెడిపోయిందని నిశ్చయంగా చెప్పవచ్చు. అవి కనిపించనంత మాత్రాన బాగుందని చెప్పలేము.

కనుక చెవినీ కంటినీ నమ్మక, కంపెనీ ఇచ్చిన పుస్తకాన్ని నమ్మాలి. అందులో ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని సంవత్సరాలు, ఏది ముందయితే అది అని ఉంటుంది. చాలా బండ్లకు 60,000 నుండి 1,00,000 కిలోమీటర్ల మధ్య గడువు ఇస్తారు. మీ మోడల్‌కు మీ పుస్తకంలోని అంకెయే ప్రమాణం. పెళ్ళిళ్ళకూ పండుగలకూ మాత్రమే తీసే బండికి సంవత్సరాల లెక్కే ముఖ్యం. షెడ్డులో ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది.

రామతీర్థం సోదరుని విషయంలో మరొకటి గమనించాలి. యాత్రికులు దర్శనం ముగించుకొని వచ్చేవరకు, ముఖ్యంగా ముక్కోటి ఏకాదశి, శ్రీరామనవమి రద్దీలో, బాడుగ బండ్లు ఏ.సి. వేసుకొని గంటల తరబడి ఆగి ఉండడం మామూలు. ఆ గంటలన్నీ బెల్ట్ తిరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం ఒక్క అంకె కదలదు. అటువంటి బండి గడువుకు ఎంతో ముందుగానే మార్చుకోవడం మేలు. పైగా సెకండ్ హ్యాండ్ బండి మీటరు వెనక్కు త్రిప్పబడి ఉండవచ్చు. బిల్లు చూపని బెల్ట్‌ను మార్చని బెల్ట్‌గానే లెక్కించాలి.

అన్ని కార్లకూ బెల్ట్ ఉండదు. పేరు ఒకటే అయినా ఇంజన్ వేరు కావచ్చు. ఆల్టో 800కు బెల్ట్, ఆల్టో కె10కు చైన్. హ్యుందాయ్ ఐ10లో 1.1 ఇంజన్‌కు బెల్ట్, 1.2కు చైన్. స్విఫ్ట్ 1.3 డీజిల్‌కు చైన్. పాత శాంట్రోకు బెల్ట్. క్రిస్టాకు ముందు వచ్చిన ఇన్నోవా డీజిల్‌కు కూడా బెల్ట్‌యే. అందులో 'టి-బెల్ట్' అనే దీపం వెలుగుతుంది, కాని ఆ దీపం కిలోమీటర్లు లెక్కపెడుతుందే తప్ప బెల్ట్‌ను చూడదు. బెల్ట్ మార్చకుండా దీపాన్ని మాత్రం ఆర్పడం కూడా సాధ్యమే.

ఇక రెండవ ప్రశ్న. దైవప్రవక్త (స) అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని గమనించి, తడిసిన ధాన్యాన్ని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని వ్యాపారిని ప్రశ్నించిన సంఘటన మనకందరికీ తెలిసినదే. అయితే ప్రతి పాత బెల్ట్ కూడా 'ఐబ్' కాదు. టైరులాగా అది అరిగిపోయే వస్తువు, గడువులో ఉన్నంతవరకు అందులో లోపం లేదు. గడువు దాటిందని తెలిసి మౌనం వహించడం, మార్చకుండానే మార్చామనడం, మీటరు త్రిప్పడం మోసం. అటువంటి చోట సరుకు తిరిగి ఇచ్చే హక్కును ఫిఖహ్ కొనుగోలుదారునికి ఇస్తుంది. తెలియనివాడు "నాకు తెలియదు" అని చెబితే చాలు. ఈ సోదరుడు 2 సంవత్సరాలు బండిని వాడుకున్నారు. అమ్మినవారికి ఆనాడు తెలుసునన్న ఆధారం లేకుండా ఈ ఖర్చును వారి నుండి అడగడం సరికాదని నా అభిప్రాయం. కాని ఈ ఉత్తరం వ్రాసిన తరువాత ఆయనకు విషయం తెలిసింది. బెల్ట్ మార్చకుండా రేపు ఈ బండిని మరొకరికి అమ్మదలిస్తే, ఆ మాట చెప్పి అమ్మవలసిన బాధ్యత ఇప్పుడు ఆయనదే.

మార్పించేటప్పుడు బెల్ట్ ఒక్కటే వేయించి డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. టెన్షనర్, దాని బేరింగులు కూడా మార్చాలి. వాటర్ పంపు ఇదే బెల్ట్ మీద తిరిగే ఇంజన్ అయితే దానినీ మార్చాలి. పంపు బిగుసుకుపోతే క్రొత్త బెల్ట్ కూడా తెగుతుంది, విప్పి బిగించే కూలి మళ్ళీ ఇవ్వాలి. ఆయిల్ సీలు కారుతుంటే ముందు దానిని ఆపాలి, చమురు రబ్బరును తినేస్తుంది. అంతవరకు, బ్యాటరీ దిగిపోయినా సరే, గేరులో వేసి నలుగురి చేత తోయించి స్టార్ట్ చేయకండి. ఆ కుదుపుకు ముసలి బెల్ట్ పళ్ళు జారవచ్చు. పని పూర్తయ్యాక పాత బెల్ట్‌ను అడిగి తీసుకోండి. తేదీ, మీటరు అంకె ఒక కాగితం మీద వ్రాయించి బానెట్ లోపల అంటించండి. బిల్లును ఆర్.సి.తో పాటు ఇంట్లో భద్రపరచండి, అది ఎక్కడ ఉన్నదో ఇంటి ఇల్లాలికి కూడా తెలిసి ఉండాలి.